గోడవైపు తిప్పిన కుర్చీ

మొన్న చెవి మిషన్ మార్పించుకోవడానికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు వెళ్లాను. పాతది వానలో తడిసి గురగురమనడం మొదలుపెట్టింది. దుకాణానికి అద్దాల తలుపులు, ఏసీ చల్లదనం, గోడల మీద నవ్వుతున్న ముసలివాళ్ల ఫోటోలు. అక్కడి అమ్మాయి నా కూతురికన్నా చిన్నది. మేడమ్ మేడమ్ అంటూ నన్ను పరీక్ష గదిలోకి తీసుకెళ్లింది. లోపల ఒకే కుర్చీ, అదీ మిషన్ కనిపించే అద్దపు కిటికీవైపు కాకుండా గోడవైపు తిప్పి ఉంది. దాన్ని చూడగానే గడప దగ్గరే ఆగిపోయాను. "ఏమైంది మేడమ్?" అని ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడి అడిగింది. కుర్చీ అటు ఎందుకు తిప్పారని అడిగాను, సంగతి నాకు తెలిసిందే అయినా. "అందరికీ ఇంతే మేడమ్. మిషన్ దగ్గర మేం చేసేది కనిపిస్తే కొంతమంది మమ్మల్ని చూసి చెయ్యెత్తేస్తారు" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ తిరిగి మా ఇల్లున్న హూడి చేరేదాకా, బస్సులో కూర్చున్నంతసేపూ, ఇలాంటి మరో గదిలో అద్దం అవతల చూసిన మా నాయన ముఖమే కళ్ల ముందు మెదులుతూ ఉంది.

అప్పట్లో మేము యలహంక పాత ఊళ్లో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. నాయన మడకశిర పక్క నుంచి బేల్దారి పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పటికి ఆయన చొక్కా తడి సిమెంటు వాసన వేసేది. అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి చీరకు రంగురంగుల దారపుముక్కలు అంటించుకుని వచ్చేది. నేను వాటిని ఏరుతూ ఉంటే ఆమె కిరసనాయిల్ స్టవ్ ముందు కూర్చుని సంగటి కెలికేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున లేచింది మొదలు వక్కాకు నములుతూనే ఉండేది. నాకు చెవులు మందగించాయని ఇంట్లో ముందుగా కనిపెట్టింది ఆవిడే. నోట్లో ఆకున్నప్పుడు ఆవిడ ఏం చెప్పినా నేను పలికేదాన్ని కాదట, నోరు కడుక్కున్నాక చెబితే పరిగెత్తుకుంటూ వచ్చేదాన్నట. అది గమనించినప్పటి నుంచి ఆవిడ నన్ను పిలవాలంటే ముందు గడప దాటి తూ అని ఊసి, కొంగుతో మూతి తుడుచుకుని, నా భుజం తట్టి అప్పుడు మాట్లాడేది. అంతేగాని చెవుడు అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చిన్నప్పుడు చెవుల్లో చీము కారింది, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు, చీము తగ్గింది. తగ్గింది కాబట్టి నయమైందనే అందరూ అనుకున్నారు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా వెల్లుల్లి వేగుతుంటే ఆ వెచ్చటి నూనె మెల్లగా చెవిలోకి దిగుతున్నట్టే ఉంటుంది.

నేను మాటల్ని పెదవుల మీద చూసి నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని నాకూ తెలియదు, అందరూ అంతే అనుకునేదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కన్నడం మాటలు నాకు తెలుగు మాటలకు చుట్టాల్లా కనిపించేవి కాబట్టి పెద్దగా ఇబ్బంది పడలేదు. మా సర్కారు బడిలో సరోజ మిస్ అని ఒకావిడ ఉండేది. బోర్డు మీద రాయడం అయ్యాక, సుద్ద కింద పెట్టి, మావైపు తిరిగిన తర్వాతే నోరు విప్పేది. మొదటి బెంచీలో మధ్య చోటు నాకే ఉంచేది. ఎందుకని ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవిడ పుణ్యమా అని పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. నాయన పనిచేసే చోటల్లా "మా పాప సైన్సు చదవతాది" అని చెప్పుకున్నాడు. మా చుట్టాల్లో సైన్సు చదివినవాళ్లు లేరు. అందువల్ల ఆ మాట ఆయన నోట చాలా పెద్దగా కనిపించేది. నాకు మాత్రం ఆ సెలవులంతా భయంగానే ఉండేది. పదో తరగతి తర్వాత చదివే పీయూసీలో సైన్సంతా ఇంగ్లీషులో చెబుతారని విన్నాను. ఇంగ్లీషు పెదవులు పెద్దగా కదలకుండా పళ్ల వెనకే దాక్కునే భాష.

మల్లేశ్వరం దగ్గరి ఒక కాలేజీలో సీటు దొరికింది. పెద్ద హాలు, మెట్లు మెట్లుగా బెంచీలు, రోల్ నంబరు ప్రకారం కూర్చోవాలి. నా చోటు వెనక వరసలో పడింది. లెక్చరర్ నిలబడే వేదిక వెనక పెద్ద కిటికీ ఉండేది. దాని వెలుతురులో ఆయన ముఖం నల్లటి నీడలా తప్ప కనిపించేది కాదు. ఫిజిక్స్ సార్‌కైతే పై పెదవిని పూర్తిగా మూసేసిన మీసం, పైగా అటూ ఇటూ నడుస్తూ నోట్స్ చెప్పే అలవాటు. అందరి తలలూ ఒక్కసారి వంగితే నేనూ వంచేదాన్ని. అందరూ నవ్వితే నవ్వేదాన్ని, ఒక్క క్షణం ఆలస్యంగా. హాజరు పిలిచేటప్పుడు నాకన్నా ముందు నంబరు పిల్లవైపే చూస్తూ, ఆమె నోరు మూయగానే "ఎస్ సార్" అనేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల రాలేదు. నేను ఆమె ఖాళీ చోటువైపు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి హాలంతా నావైపు తిరిగింది. సార్ ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఏమన్నాడో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అలా అందరూ నవ్వుతున్న ఒక రోజే, పక్క వరసలో నాలాగే ఆలస్యంగా నవ్విన పిల్ల ఒకతె కనిపించింది. పేరు నివేదిత. కారులో వచ్చేది, మంచి మంచి బట్టలు వేసుకునేది. ఆమె కూడా మనుషుల కళ్లలోకి చూసేది కాదు, పెదవుల మీదికే చూసేది. మంచినీళ్ల కొళాయి దగ్గర గాలికి ఆమె జుట్టు చెదిరి, చెవి వెనక ఒంటి రంగులోనే ఉన్న చిన్న మిషన్ బయటపడింది. గబుక్కున చేయి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి, గొంతు ఏమాత్రం లేకుండా, పెదవులతో "చెప్పొద్దు" అంది. నేనూ అలాగే గొంతు లేకుండా "నాక్కూడా" అన్నాను. ఆ తర్వాత హాల్లో ఒకరికొకరం దూరంగా కూర్చునే, ఎవరికీ వినిపించని మాటలు ఎన్నో చెప్పుకున్నాం. కాలేజీలో నాకు దొరికిన సంతోషం ఏదైనా ఉంటే అది అదే. అయినా పక్కపక్కన నడిచేవాళ్లం కాదు. నా పక్కన నడిస్తే తన సంగతి బయటపడుతుందని ఆమె భయం.

నివేదితకు ఇంట్లోనే ట్యూషన్ ఉండేది. రిటైరైన లెక్చరర్ ఒకాయన డైనింగ్ టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చుని, నిదానంగా, ముఖం ఎత్తి పాఠం చెప్పేవాడు. నన్నూ రమ్మంది. వాళ్లమ్మ తలుపు దగ్గరే నన్ను ఆపి, నా ముఖంలోకి చూస్తూ చెప్పింది: "నువ్వొచ్చి కూర్చుంటే నాకేం ప్రాబ్లమ్ లేదమ్మా. కాలేజీలో మాత్రం మా నివి మ్యాటర్ ఎవ్వరికీ చెప్పద్దు. రేపు దానికి పెళ్లి గిళ్లి అని ఉంటుంది. ప్రామిస్?" నేను ప్రామిస్ చేశాను. అప్పటిదాకా నాకు అర్థం కాని పాఠాలన్నీ ఆ టేబుల్ దగ్గర అర్థమవడం మొదలైంది. మొద్దుదాన్ని కానని తెలిసింది. అది తెలిశాక భయం తగ్గాల్సింది, కానీ పెరిగింది. ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడుతోంది. అందులో బయటి నుంచి వచ్చిన మాస్టారు నోటితో ప్రశ్నలు అడుగుతారు. ఆయనకు మీసం ఉంటుందో లేదో, కిటికీకి ఎటువైపు కూర్చుంటాడో అని కలలు వచ్చేవి. ఒకరోజు నివేదిత మామూలుగా చెప్పింది: "నాకు రాసి అడుగుతారు. డాడీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడేశారు. డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే చాలు. నువ్వూ తెచ్చుకో."

ఆమెకు అది ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఒక సాయంత్రం తిరిగేసరికి వచ్చిన కాగితం. మాకు పెద్దాసుపత్రి. ఏ కిటికీ దగ్గరికి వెళ్లాలో, ఏ వారం రావాలో తెలుసుకోవడానికే నాయన పని మానుకుని చాలాసార్లు తిరిగాడు. చివరికి పిలుపు వచ్చిన రోజున ఉతికిన చొక్కా వేసుకుని, నా చేయి పట్టుకుని తీసుకెళ్లాడు. మందపాటి తలుపున్న చిన్న గది. చెవుల మీద బరువైన హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినిపిస్తే వేలు ఎత్తమని మిషన్ నడిపే ఆయన సైగ చేసి చూపించాడు. అద్దం అవతల ఆయన భుజం నాకు కనిపిస్తోంది. శబ్దం వదిలేముందు ఆ భుజం కొద్దిగా కదులుతోంది, ఆయన కళ్లు ఒక్కసారి నావైపు లేస్తున్నాయి. నేను ఆలోచించలేదు. బడిలో, కాలేజీలో, వీధిలో ప్రతిరోజూ చేసే పనే నా వేలు చేసింది. భుజం కదిలిందంటే వేలు లేచింది. బయటికి రాగానే ఆయన నాయనతో, "బాగానే వినిపిస్తుందప్పా, కొంచెం తగ్గింది అంతే. దీనికి సర్టిఫికెట్ రాదు" అన్నాడు.

నాయన ముఖం వెలిగిపోయింది. నేనెందుకు వచ్చానో ఆ క్షణం మరిచిపోయాడు. బస్‌స్టాపులో కనిపించిన ముసలాయనకు కూడా చెప్పాడు, "మా పాపకి చెవులు బాగుండాయంట సామీ." నాకు బొండాలు కొనిపెట్టాడు. తినలేకపోయాను. బస్సు వస్తుందేమో, ఎక్కేస్తామేమో, ఇక ఎప్పటికీ చెప్పలేనేమో అనిపించింది. ఆయన చొక్కా పట్టుకుని, "నాయనా, నాకేం వినపడలేదు. ఆయన్ని చూసి వేలు ఎత్తినా" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. భుజం సంగతి చెప్పాను. కాలేజీలో హాజరు సంగతి, ఆలస్యంగా నవ్వే సంగతి, అన్నీ ఏడుస్తూ చెప్పాను. నివేదిత సంగతి కూడా చెప్పాను. మా బస్సు వచ్చింది, పోయింది. అప్పుడు ఆయన నావైపు తిరిగి, "పా, ఎనక్కి పోదాం" అన్నాడు.

మిషన్ ఆయనకు కోపం వచ్చింది. ఇదేమన్నా ఆట అనుకున్నారా, బయట ఎంతమంది ఉన్నారో చూశారా అన్నాడు. నాయన చేతులు జోడించాడు. "తప్పయిపాయ సార్. బిడ్డకి చూసి చూసి అలవాటైపోయుండాది. ఇంగొక్కసారి చూడండప్పా." ఆయన గొణుక్కుంటూనే నా కుర్చీని గోడవైపు తిప్పి, నాయనను తన పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని తలుపు మూశాడు. ఎదురుగా గోడ. లేత పచ్చ రంగు పెచ్చులూడి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ లేదు. పరీక్ష మొదలైందో లేదో తెలియదు. అయిపోయిందేమో, అందరూ వెళ్లిపోయారేమో, నన్నిక్కడే మరిచిపోయారేమో అనిపించింది. అన్నాళ్లూ మనుషుల ముఖాలు చూస్తూ గడిపాను గనుక నా చుట్టూ ఎంత నిశ్శబ్దం ఉందో నాకే తెలియలేదు. ఆ గోడ ముందు తెలిసింది. చాలాసేపటికి ఎక్కడో దూరంగా, ఈగ రొద లాంటిది వినిపించింది. వేలు ఎత్తాను. తిరిగి చూడాలనిపించి తల తిప్పాను. అద్దం అవతల మిషన్ ఆయన నావైపు చూడటం లేదు, పాలిపోయిన నాయన ముఖంవైపు చూస్తున్నాడు.

అప్పుడు ఆయన కోపం పోయినట్టుంది. తలుపు తీసి, నా హెడ్‌ఫోన్లు తీసి నాయన చెవులకు పెట్టి, నాకు వినిపించిన అదే శబ్దాన్ని అంతే గట్టిగా వదిలాడు. నాయన ఉలిక్కిపడి రెండు చేతులతో వాటిని లాగి పడేశాడు. నా ముందు గొంతుక్కూర్చుని అడిగాడు, "ఇంత సప్పుడా పాపా? ఇంత సప్పుడు నీకు ఈగ మాదిరిగా ఉండాదా?" నేను తల ఊపాను. ఆయన నా గడ్డం పట్టుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున లేచేసరికి నాయన మీసం లేదు. మా పక్క మగవాళ్లు తండ్రి పోతే తప్ప మీసం తీయరు. అవ్వ చూసి నెత్తి కొట్టుకుంది. పని దగ్గర "ఎవురు పోయినారప్పా?" అని పరామర్శించారట. ఆయన మాత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెలుతురు తన ముఖం మీద పడేట్టు జరిగి, "ఇప్పుడు తెలస్తాదా, నేనేం చెప్తాండానో?" అన్నాడు. తెలిసింది. ఆయన పై పెదవి మీద తెల్లటి మచ్చ ఒకటి ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన మీసం పెంచలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకుని ఇద్దరం ప్రిన్సిపాల్ గదికి వెళ్లాం. ఆయన చదివి, కళ్లజోడు తీసి, కన్నడంలో ఎంతో మర్యాదగా చెప్పాడు: "ఈ అమ్మాయికి ల్యాబ్ మంచిది కాదు. యాసిడ్లు ఉంటాయి, గ్యాస్ ఉంటుంది. ఎవరైనా అరిచినా వినిపించదు. రేపేమన్నా అయితే బాధ్యత ఎవరిది? ఇలాంటి పిల్లలకు కుట్టుపని నేర్పే స్కూళ్లున్నాయి, చూడండి. లేదంటే ఆర్ట్స్‌లోకి మారుస్తాను." నాయన ఒక్కసారి ముందుకు వంగాడు. "సార్, అట్లయితే ఇంగో పాప..." అన్నాడు. నేను ఆయన చేయి గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా ముఖం చూశాడు. నేను ప్రామిస్ చేశానని ఆయనకు తెలుసు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. అంతకుముందు అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని నివేదిత వాళ్ల నాన్న మాట్లాడాడు. ఆ పిల్ల ల్యాబ్‌లో యాసిడ్ గురించి ఎవరికీ భయం కలగలేదు. మా నాయన మాట పూర్తి చేసి ఉంటే నేను సైన్సులో ఉండేదాన్నా, లేక ఇద్దరమూ బయటికి పోయేవాళ్లమా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు.

ఆర్ట్స్‌లోకి మారాను. ఒకరోజు సైన్సు బ్లాకు మేడ మీద నుంచి నివేదిత గొంతు లేకుండా, "ట్యూషన్‌కు రా" అంది. "నాకిప్పుడు ఫిజిక్స్ లేదు" అన్నాను. తర్వాత ఆమె ఇంజనీరింగ్‌లో చేరిందని విన్నాను, అంతే. నేను డిగ్రీ సగం కాలేజీలో, సగం ఇంట్లో కూర్చుని పూర్తిచేసి, ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరాను. అక్కడి నుంచే రాయడంలోకి వచ్చాను. చదువుకున్నదానికి చింత లేదు. కానీ ఆ టేబుల్ దగ్గర కాంతి వంగడం గురించి మాస్టారు చెబుతున్నప్పుడు కలిగిన ఆనందం మళ్లీ దేనిలోనూ పూర్తిగా కలగలేదు. 

ఇప్పుడు కాలం మారిందని అందరూ అంటారు, నిజమే. నా కొత్త మిషన్ గోరంత ఉంది. ఫోను ఎదురుగా పెడితే ఎదుటివాళ్ల మాటలు అక్షరాలై పరిగెడతాయి. అందుకే ఈ మధ్య మా వీధి చివర కట్టడం పనిచేసే మహబూబ్‌నగర్ వాళ్ల పిల్ల భవానికి సైన్సు సీటు కోసం ఆమె తల్లి యాదమ్మతో కలిసి మా దగ్గరి కాలేజీకి బయల్దేరినప్పుడు నేనంత భయపడలేదు. భవానికీ నాలాగే వినపడదు. కన్నడం బడిలోనే చదివింది, ముఖాలు చదువుతుంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ప్రిన్సిపాల్ కూర్చోమన్నాడు, మార్కులు మెచ్చుకున్నాడు, చూసి చెబుతామన్నాడు. బయటికి వచ్చాం. అది అద్దాల తలుపు. లోపల ఆయన గుమాస్తాతో, "ఈ పిల్లతో మనకెందుకు తలనొప్పి, సీట్లు లేవని చెప్పి పంపెయ్" అన్నాడు. కన్నడంలోనే, చాలా స్పష్టంగా. నేను చూశాను. పక్కనే భవాని కూడా అటే చూస్తోంది.

"గా సార్ ఏమన్నడు బిడ్డా?" అని యాదమ్మ అడిగింది. భవాని తల్లివైపు తిరిగి, నవ్వుతూ, మందమైన గొంతుతో, "మంచిగనే... అన్నడు. చూస్తడంట" అంది. పదహారేళ్ల పిల్ల అంత సులువుగా, అంత అలవాటుగా చెప్పడం చూసి ఇక అక్కడ నిలబడలేకపోయాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. "మీరు ఇప్పుడన్న మాట రాసి సంతకం పెట్టివ్వండి సార్" అన్నాను. "ఏ మాట?" అన్నాడు. అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. ఆయన తలుపువైపు చూశాడు, అవతల నిలబడి తన నోటివైపే చూస్తున్న పిల్లను చూశాడు. ముఖం ఎర్రబడింది. కాసేపు ఫైళ్లు సర్దాడు. సోమవారం నుంచి క్లాసులకు పంపమన్నాడు.

సోమవారం ముగ్గురం కలిసే వెళ్లాం. దారంతా నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను: ముందు బెంచీలో కూర్చో, కిటికీకి ఎదురుగా వద్దు, అర్థం కాకపోతే లేచి అడుగు. భవాని అన్నిటికీ తల ఊపింది. అర్థమై ఊపిందో, ఊపాలి కాబట్టి ఊపిందో నేను కూడా చెప్పలేను. గేటు దగ్గర బ్యాగు సర్దుకుని లోపలికి నడిచింది. చుట్టూ పిల్లలు అరుచుకుంటున్నారు, బెల్లు మోగినట్టుంది, అందరూ పరుగందుకున్నారు. ఆమె మాత్రం అదే నడక నడుస్తూ, ఉన్నట్టుండి వాళ్లను చూసి తానూ పరుగెత్తింది. యాదమ్మ కేకేయబోయి, నోరు తెరిచి, ఆగిపోయింది. పిలిస్తే వినిపించదు. తనంతట తాను వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఇద్దరం గేటు చువ్వలు పట్టుకుని నిలబడ్డాం. పిల్లలంతా లోపలికి పోయి, ఆవరణ ఖాళీ అయ్యాక కూడా అక్కడే నిలబడ్డాం.